మలాములో వెల్లుల్లి

కంపౌండర్ సాబ్ పోయారని మొన్న మా పాత ఆసుపత్రి వాట్సాప్ గ్రూపులో చూశాను. ఒక ఫొటో కూడా పెట్టారు. గుర్తింపు కార్డు కోసం తీయించుకున్నదై ఉంటుంది. నిటారుగా కూర్చుని, నోరు గట్టిగా మూసుకుని ఉన్నారు. కింద వరసగా దండాలు, పువ్వులు. నాకు మాత్రం నవ్వొచ్చింది. ఆ మనిషితో మూడున్నరేళ్ళు పనిచేశాను, నోరు మూసుకుని ఉండగా అంత తీరిగ్గా ఎప్పుడూ చూడలేదు. ఫొటో తీసినవాడు ఎలా ఆపాడో మరి. మా ఆయన పక్కన నిలబడి "ఎవరు పోయారు?" అని అడిగితే, "నా థీసిస్ పాడుచేసిన మనిషి" అన్నాను.

పాతబస్తీలో ఒక సర్కారు ఆసుపత్రి. అందులో చర్మవ్యాధుల విభాగంలో పీజీ చదవడానికి గోదావరి జిల్లా నుంచి పెట్టె సర్దుకుని వచ్చాను. ఓపీ గది పక్కనే మందులిచ్చే కిటికీ, ఆ కిటికీ వెనక ఆయన. కాగితాల్లో ఆయన హోదా ఫార్మసిస్టు. ఆ మాట నోటితో అన్నవాళ్ళను నేను చూడలేదు. పేషెంట్లకీ, సిస్టర్లకీ, మా ప్రొఫెసరు పెద్ద సారుకీ కూడా ఆయన కంపౌండర్ సాబే.

మలాము కలిపేటప్పుడు చూడాలి ఆయన్ని. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, గాజు పలక మీద రెండు ముద్దలు వేసి, పల్చటి ఇనప గరిటెతో అటూ ఇటూ రుద్దేవారు. గరిటె ఆడినంతసేపూ నోరూ ఆడేది. గరిటె ఆగితే నోరు ఆగుతుందని అనుకునేదాన్ని కొత్తలో. ఆగదు. మలాము డబ్బీలోకి ఎత్తి, మూత బిగించి, మూత మీద వేలితో రెండుసార్లు కొట్టి, "పో, మంచిగ పనిజెయ్యి" అనేవారు. పేషెంటుతో కాదు, డబ్బీతో. పేషెంటుతో అనేది వేరే ఉంది.

"గోకకుండ్రి. గోకితే సర్కారు గూడ ఏం చెయ్యలేదు."

ఉర్దూ మాట్లాడే ఆడవాళ్ళు వస్తే ఇదే ముక్క దక్కనీలో. "ఖుజానా నక్కో అమ్మా, సబర్ కరో." చెప్పి, తను మాత్రం మెడ వెనక బరబరా గోక్కునేవారు. అదేమిటంటే, "రోజంత గీ ముచ్చట చెప్తుంటే దురద రాదా ఏంది?" అనేవారు.

పేషెంట్లందరికీ ఆయన పెట్టిన షరతు ఒకటి ఉండేది. ఇంట్లో ఒంటికి రాసుకునేవి ఏవున్నా సరే, రెండోసారి వచ్చేటప్పుడు సంచిలో వేసుకుని తేవాలి. అవన్నీ కిటికీ గట్టు మీద బారుగా పేర్పించి, దొంగసొత్తు పట్టుకున్న ఎస్సైలా ఒక్కొక్కటీ ఎత్తి చూసేవారు. పళ్ళు తోముకునే పేస్టు, కొబ్బరినూనెలో కలిపిన పసుపు, బండి గొలుసుకు పూసే గ్రీసు, అన్నీ వచ్చేవి. అన్నిటికన్నా ఎక్కువగా వచ్చేవి మందుల దుకాణంలో చీటీ లేకుండా అమ్మే ట్యూబులు. రాసిన నాలుగు రోజులు తామర అణిగినట్టే ఉండి, ఐదో రోజు నుంచి నడుమంతా పాకే రకం.

"ఇది ఎవలిచ్చిండ్రు?" 

"మెడికల్ షాపుల, సాబ్."

"గా షాపాయన డాక్టరా?" 

"కాదు. మా మరిది దోస్తు." 

"సరే. ఇంట్ల ఇంకెవ్వరికన్న ఉన్నదా తామర?" 

"లేదు సాబ్, నాకొక్కనికే." 

"మరి నువ్వు తుడ్సుకునే తువ్వాలతోని ఇంకెంత మంది తుడ్సుకుంటరు?" 

అక్కడ పేషెంటు కాసేపు పైకి చూసి లెక్క వేసుకునేవాడు. "ఏడుగురు." 

"ఏడుగురిని తోలుకొని రాపో."

తిడుతూనే తోలుకు రమ్మనేవారు. వాళ్ళు వచ్చేవాళ్ళు. ఏడుగురూ వరసగా పొట్ట మీది చొక్కా ఎత్తి నిలబడేవాళ్ళు. మా పుస్తకాల్లో నాలుగు పేజీలు రాసిన సంగతిని ఆయన ఒక తువ్వాలుతో తేల్చేసేవారు. ఆయన దగ్గర నేర్చుకున్నానని అప్పట్లో ఒప్పుకునేదాన్ని కాదు, పొగరు.

ఇక కబుర్లు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. ఎవరికి బదిలీ అయిందో ఆర్డరు రాకముందే చెప్పేవారు. పత్తర్‌గట్టిలో ఏ బట్టల కొట్టాయన తమ్ముడితో మాట్లాడడం మానేశాడో, చార్మినార్ దగ్గర ఏ గాజుల దుకాణంలో పెళ్ళి చూపులు జరిగాయో అన్నీ ఆ కిటికీకి వచ్చి చేరేవి, మళ్ళీ ఆ కిటికీలోంచే ఊరంతా వెళ్ళేవి. నేను పరీక్షలో ఒక పేపరు తప్పిన సంగతి మా అమ్మకంటే ముందు మా ఆసుపత్రి బయట జామకాయలమ్మే అతనికి తెలిసింది. "ఫికర్ నక్కో డాక్టరమ్మా, మళ్ళ రాస్తె అయిపాయె" అని కాయ కోసి ఉప్పూ కారం చల్లి ఇచ్చాడు. ఎవరు చెప్పారని అడగలేదు.

అలాంటి మనిషి చేతిలో పెద్ద సారు నా థీసిస్ గుట్టు పెట్టారు.

నా థీసిస్ చేతుల మీది ఎగ్జిమా గురించి. వేళ్ళు పొట్టు రేగి, పగిలి, నెత్తురు చిమ్మే జబ్బు. నలభై మంది పేషెంట్లు. సగం మందికి కొత్త మందు కలిపిన మలాము, సగం మందికి మందులేని ఉత్త మలాము. రెండూ చూడటానికి ఒకటే, రంగు ఒకటే, డబ్బీ ఒకటే. డబ్బీ మీద నంబరు మాత్రం ఉంటుంది. ఏ నంబరులో ఏముందో రాసుకునేవాళ్ళకి తెలియకూడదు, చేతులు చూసే నాకూ తెలియకూడదు. ఎనిమిది వారాల తర్వాత గుట్టు విప్పి చూసుకోవాలి. ఉత్త మలాము పడినవాళ్ళందరికీ అప్పుడు అసలు మందు ఇవ్వాలి.

"నాకు తెలిస్తే ఏమవుతుంది సార్?" అని అడిగాను పెద్ద సారుని.

"నీ కళ్ళు నీకే అబద్ధం చెబుతాయమ్మా. మందు పడిందని తెలిసిన చేతిలో పగులు నీకు చిన్నగా కనబడుతుంది" అన్నారాయన.

"సరే సార్. మరి ఆ లిస్టు ఎవరి దగ్గర ఉంటుంది?"

"మలాము కలిపేది ఎవరు? ఆయన దగ్గరే."

ఆ లిస్టేదో నోటీసు బోర్డు మీద అంటిస్తే ఆయనకు ఊరంతా చెప్పే శ్రమైనా తగ్గుతుంది కదా అనుకున్నాను. కంపౌండర్ సాబ్ మాత్రం లిస్టు తీసుకుని, ఒకసారి చదివి, నాలుగు మడతలు పెట్టి, కళ్ళజోడు పెట్టుకునే డబ్బాలో అడుగున దాచారు. "ఇగ దీని ముచ్చట నన్ను అడగకుండ్రి" అన్నారు.

అడగకుండా ఎలా ఉంటాను? పరీక్ష పెట్టాలి కదా. పదిరోజులయ్యాక ఇరానీ చాయ్, బిస్కెట్లు తెప్పించి కిటికీ దగ్గర కూర్చున్నాను.

"పదకొండో నంబరుకి చేయి బాగా మానుతోందండీ. మందు పడినట్టుంది కదా?" 

"ఔ."

"లేకపోతే ఎండలు తగ్గినందుకేమో." 

"ఔ. గట్ల గూడ కావచ్చు."

"ఉత్త మలాముకే అలా మానితే మాత్రం విచిత్రమే." 

"ఔ, విచిత్రమే" అని ఆఖరి బిస్కెట్టు చాయ్‌లో ముంచుకున్నారు. 

హెడ్ సిస్టరు నాకంటే గట్టిది. ఆవిడ అడిగితే, చుట్టూ చూసి, కిటికీలోంచి తల బయటపెట్టి, ఆవిడ చెవిలో చాలాసేపు ఏదో చెప్పారు. ఆవిడ వెలిగిపోతూ వచ్చి, సరి నంబర్లన్నిట్లో మందు ఉందని నాకు ప్రమాణం చేసి చెప్పింది. అదే రోజు ఆఫీసు గుమాస్తాకి బేసి నంబర్లలో మందుందని అంతే రహస్యంగా చెప్పారట. అటెండరుకు వేరే లెక్క. నెల తిరిగేసరికి ఆసుపత్రిలో అందరికీ గుట్టు తెలుసు, ఎవరి గుట్టూ ఇంకొకరి గుట్టుతో కలవదు. అప్పుడు నాకు ఆయన మీద గురి కుదిరింది.

ముప్పైతొమ్మిది మంది దొరికారు. నలభయ్యో మనిషి దొరకడం లేదు. గడువు దగ్గర పడుతోంది. ఆ వారంలో ఆ ఒక్కరినీ చేర్చుకోకపోతే ఎనిమిది వారాలు పూర్తవవు, థీసిస్ ఆ విడతలో ఇవ్వలేను, ఆరు నెలలు వెనక్కి పోతాను. ఇంట్లో నా పెళ్ళి ముహూర్తం కూడా చదువు అయిపోతుందని చెప్పి పెట్టుకున్నారు. అలాంటప్పుడు ఒకావిడ కొంగు కింద చేయి దాచుకుని ఓపీలోకి వచ్చింది. యాభై దాటి ఉంటాయి. చేయి చాపించి చూశాను. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఈ మూడింటి కొసలే పగిలి ఉన్నాయి. కుడిచేయి శుభ్రంగా ఉంది.

"కుడిచేత్తో కత్తి పట్టుకుని ఎడమచేత్తో వెల్లుల్లి పట్టుకుంటారా అమ్మా?" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వు డాక్టరమ్మవా, సోదె చెప్తవా?"

సోదె కాదు, మా పుస్తకంలో బొమ్మ ఉంటుంది. వెల్లుల్లి రసం చర్మానికి పడనివాళ్ళకి సరిగ్గా ఆ మూడు వేళ్ళే పోతాయి. చార్మినార్ దగ్గరి బిర్యానీ హోటలుకి ఆవిడ ఇంట్లో కూర్చుని వెల్లుల్లి ఒలిచి పంపుతుందట. పొద్దున్నే సంచి వస్తుంది, పదిగంటలకల్లా ఒలిచి ఇవ్వాలి. మానేయమన్నాను. "బంజేస్తే గా పని ఇంకొకామెకు పోతది. మల్ల రాదు" అంది. గ్లౌజులన్నాను. "చేతికి పాయే దొరకది" అంది. రొట్టెల పిండి పిసికితే ఉప్పు మండి, ఒంటిచేత్తోనే పిసుకుతోందట రెండేళ్ళుగా. సంతకం పెట్టించుకుని, నలభయ్యో నంబరు చీటీ ఇచ్చి కిటికీ దగ్గరికి పంపాను. హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

ఐదు నిమిషాల్లో కంపౌండర్ సాబ్ నా గదిలోకి వచ్చారు. కిటికీ వదిలి ఆయన రావడం అదే మొదటిసారి.

"నలభై నంబరు తీసెయ్యుండ్రి డాక్టరమ్మా." 

"ఎందుకు?" 

"గామె మా ఇంటామె." 

ఆయనకు కూడా తెలియదట ఆవిడ వస్తున్నట్టు. "రెండేండ్ల సంది చూపిచ్చుకోమంటే వినలే. నేనే రోజు ఇంట్ల గీ డబ్బిల ముచ్చట చెప్తుంటి, గది విని నాకు చెప్పకుంట వచ్చింది. నా కిటికి కాడికే చీటి పట్టుకొచ్చి నిలవడ్డది, ఎవరో ఎర్క లేనట్టు" అన్నారు. 

తీసేయాలి. గుట్టు తెలిసినవాడి భార్య ఆ పరిశోధనలో ఉండకూడదు, మొదటి పాఠంలో చెబుతారు. అది నాకు ఆ నిమిషంలోనే తెలుసు. తెలిసే, "మీరు చెప్పరు కదా. మీ అంత గుట్టుగా ఉంచినవాళ్ళు ఈ ఆసుపత్రిలో లేరు. ఆవిడని తీసేస్తే నాకు ఆరు నెలలు పోతాయి" అన్నాను. పొగడ్త తగలాల్సిన చోటే తగిలింది. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

"నేను జెప్ప. నోట్లకెళ్ళి ఒక్క మాట రాదు. గని డాక్టరమ్మా, గా డబ్బి నేనే ఇయ్యాలె గద. గది రోజు రాసుకుంటుంటె నేనే చూడాలె గద."

నాకు అర్థం కానట్టు ఫైలు తిరగేశాను. ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఆవిడ డబ్బీలో ఏముందో నాకు తెలియదు, కాని ఆయనకు తెలుసు. ఒకవేళ అది ఉత్త మలామే అయితే ఎనిమిది వారాలు ఆ పగుళ్ళు చూస్తూ ఊరుకోమని నేను ఆ మనిషిని అడిగాను. ఆయన వెళ్ళి కిటికీలో కూర్చుని, డబ్బీ నింపి, మూత మీద రెండుసార్లు కొట్టి ఇచ్చారు. ఏమీ అనలేదు, డబ్బీతో కూడా.

రెండు వారాలకి ఆవిడ వచ్చింది. పగుళ్ళు పొడిబారాయి. నాలుగు వారాలకి పొట్టు రాలి కొత్త చర్మం వచ్చింది. ఆరు వారాలకి రెండు చేతులతో పిండి పిసికి రొట్టెలు చేసుకున్నానని చెప్పింది. నా ఆనందం చెప్పలేను. మందు పడిందన్నమాట, తప్పు చేశాననుకున్నాను గాని మేలే జరిగిందన్నమాట. కిటికీ ముందు నుంచి పోతూ కంపౌండర్ సాబ్‌కి బొటనవేలు ఎత్తి చూపించాను. ఆయన "ఔ" అని ఆవలించారు. ఆ మధ్య బాగా ఆవలించేవారు. కబుర్లు కూడా సగానికి పడిపోయాయి, ఎడమచేయి ఎప్పుడూ కోటు జేబులోనే.

ఏడో వారంలో మొదలైంది లొల్లి.

ముందు, నా లెక్కలో ఆఖర్న చేరినవాళ్ళలో ఒక టైలరు వచ్చాడు. అంతకు ముందుసారి సగం మానిన వేళ్ళు ఎర్రగా కాలి బొబ్బలెక్కి ఉన్నాయి. మర్నాడు లక్కగాజులు చేసే ఒకావిడ. ఆమెకీ అంతే. ఏం రాశారని అడిగితే ఇద్దరూ నేల చూపులు చూశారు. చివరికి గాజులావిడ గొంతు తగ్గించి అడిగింది, "మేడమ్, దవామే లస్సన్ హై నా?" అని. 

మందులో ఉన్నది వెల్లుల్లే కదా అని ఆవిడ ప్రశ్న. ఎవరు చెప్పారంటే, ఎవరూ చెప్పలేదట. డబ్బీ మూత వాసన చూస్తే తెలుస్తోందట. క్యూలో అందరూ మూతలు మార్చుకుని వాసన చూసుకున్నారట. అన్నిటికీ అదే వాసన. పెద్ద డాక్టర్లు దాచిపెట్టిన మందు వెల్లుల్లి అని తేలిపోయింది వాళ్ళకి. సర్కారు వాళ్ళు మలాములో కాస్తే కలుపుతారు కదా, ఇంట్లో నూరి ఎక్కువ రాసుకుంటే ఎనిమిది వారాల పని వారంలో అయిపోతుందని నూరి కట్టు కట్టుకున్నారు. చర్మం కాలింది. ఇంకెంత మంది నూరుతున్నారో తెలియదు.

డబ్బీ లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వెల్లుల్లే. సందేహం లేదు.

అక్కడి నుంచి కిటికీ దాకా ఎలా నడిచానో తెలియదు, నా నోటికి గోదావరి తిట్లన్నీ వచ్చేశాయి. "నా పేషెంట్ల చేతులు కాలిపోయాయి. మీ డబ్బీలన్నీ వెల్లుల్లి కంపు. ఏం కలుపుతున్నారు అందులో?" అని అడిగాను. 

"ఏం కలుపలే డాక్టరమ్మా. మీరిచ్చిందే." 

"మరి వాసనెక్కడిది? చేతులు చూపించండి." 

"నా చేతులేం జూస్తరు, నేను పేషెంటునా?" 

"చూపించండి."

కుడిచేయి చూపించారు. రెండోది అన్నాను. కోటు జేబులోంచి ఎడమచేయి తీయడానికి చాలాసేపు పట్టింది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు. మూడింటి కొసలూ పొట్టు రేగి, అడ్డంగా పగిలి ఉన్నాయి. నేను ఆ చేయి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వెనక క్యూలోంచి ఎవరో తొందరపెడితే హెడ్ సిస్టరు కసిరింది.

"ఎప్పటి నుంచి ఒలుస్తున్నారు?" అన్నాను. 

"నేను ఒక్క మాట అనలే. మీరు గామెను అడుగుండ్రి. ఇంట్ల గా డబ్బి పేరు గూడ ఎత్తలే." 

"మీరు అనలేదు సాబ్. ఈ వేళ్ళు చెబుతున్నాయి."

అప్పుడు ఆయన గొంతు తగ్గింది. "మొదటి దినం ఇంటికి పోయినంక డబ్బి మూత తీసి, నా ముంగట చెయ్యి చాపి కూసున్నది. రాయమన్నది. రాసిన. 'ఇగ తక్వయితది గద' అన్నది. నేనేమనాలె చెప్పుండ్రి? ఉత్త మలాము. రాసుకుంట 'తక్వయితది' అన్న. గా రాత్రి నిద్ర పట్టలే. పొద్దుగాల్నే లేసి సంచి ముంగట కూసున్న. మోకాళ్ళకు కింద కూసునుడు మంచిదని డాక్టరు చెప్పిండని ఆమెకు చెప్పిన. అంట్లు గూడ నేనే తోముతున్న, గది నడుముకు మంచిదని చెప్పిన." 

నాకు కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి. ఈ మనిషి మాట తప్పలేదు. మాట తప్పకుండా నా పరిశోధనను పునాదుల దాకా తవ్వి పోశాడు.

పెద్ద సారు అంతా విని, ముందు నవ్వారు, తర్వాత కళ్ళజోడు సర్దుకుని నాకు చీవాట్లు పెట్టారు. తప్పు ఆయనది కాదు, నలభయ్యో మనిషిని చేర్చుకున్న నాది. ఆవిడని తీసేయాలి. వెల్లుల్లి నూరి రాసుకున్నవాళ్ళని తీసేయాలి. మళ్ళీ మనుషులను వెతుక్కోవాలి. ఆరు నెలలు నీళ్ళపాలయ్యాయి. పెళ్ళి ముహూర్తం కూడా వెనక్కి జరిగింది. మా ఆయనకు ఆ కోపం ఇప్పటికీ ఉంది.

థీసిస్‌లో ఒక వాక్యం రాయాల్సి వచ్చింది. నలభయ్యో వ్యక్తిని లెక్కలోంచి తొలగించాము, కారణం ఇంటి పని పంపకంలో వచ్చిన మార్పు. పరీక్ష రోజు బయట నుంచి వచ్చిన ఎగ్జామినరు ఆ వాక్యం దగ్గర వేలు పెట్టి, మార్పు అంటే ఏమిటని అడిగారు. "భర్త వెల్లుల్లి ఒలిచారు సార్" అన్నాను. ఆయన చాలాసేపు ఆ పేజీ వంకే చూసి, అందరికంటే బాగా మానింది ఈవిడకే కదా అన్నారు. అవును సార్ అన్నాను. కంపౌండర్ సాబ్‌కి మాత్రం ఆ వాక్యం నచ్చలేదు. "నేను చెప్పలే అని గూడ రాయుండ్రి" అని నన్ను వారం రోజులు వేధించారు. చివరికి పెద్ద సారు తన కలంతో, గుట్టు చివరిదాకా గుట్టుగానే ఉందని ఒక ముక్క చేర్చారు. కంపౌండర్ సాబ్ ఆ పేజీ జిరాక్స్ తీయించి కిటికీ లోపల అంటించుకున్నారు.

కానీ అదంతా తర్వాత. ఆవిడని లెక్కలోంచి తీసేసిన రోజునే కబురు పెట్టి పిలిపించాను. ఆవిడ వచ్చి కూర్చుంది. ఎలా చెప్పాలో తెలియక, ముందు క్షమించమన్నాను. "మీరు ఇన్నాళ్ళూ రాసుకున్నది ఉత్త మలామమ్మా. అందులో మందు లేదు" అన్నాను. 

"నాకెర్క" అంది. 

"ఎవరు చెప్పారు?" 

"ఎవరు చెప్తరు? పెండ్లయి ముప్పై ఏండ్లాయె, ఇంట్ల చెంచ గూడ జరుపలే గాయన. గసొంటి మనిషి పొద్దుగాల లేసి ఎల్లిగడ్డ ముంగట కూసున్నడంటే, డబ్బిల ఏం లేనట్టే గద. మొదటి వారమే తెలిసింది. మోకాళ్ళకు మంచిదట." ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. 

"మరి నాతో అనలేదేం అమ్మా? అప్పుడే మందు ఇచ్చేదాన్ని కదా." 

"అంటే ఆయన ఆపుతడు." 

నేను ఏదో అనబోయాను. ఆవిడ చేయి అడ్డం పెట్టింది. "ఒలుసుడు గురించి కాదు బిడ్డా. గాయన ఊరోళ్ళ ముచ్చట్లన్ని కిటికిల చెప్పి, ఇంటికొచ్చి తిని పండుకుంటడు. నాకేం మిగిలేది కాదు. గిప్పుడు పొద్దుగాల గంట సేపు నా పక్కన కూసుంటుండు. గంట సేపు చెప్తనే ఉంటడు. కొత్తగ పెండ్లయినప్పుడు గూడ గంత చెప్పలే."

నేను సొరుగులోంచి అసలు మందు తీశాను. మిగతాది కిటికీలో తీసుకోమని చీటీ రాయబోతే ఆవిడ కలం పట్టుకుంది.

"మందు ఇయ్యి. గని గాయన కిటికి కెళ్ళి ఇయ్యకు, నువ్వే చేతుల పెట్టు. ఇది గూడ ఉత్తదే అనుకోనీ." 

"ఆయన వేళ్ళు చూశారా అమ్మా? పగిలిపోయాయి." 

"చూసిన. రేపటి సంది నీళ్ళల్ల నానబెట్టి సగం సగం ఒలుస్తం. ఆయన వేళ్ళకు నువ్వు మంచి మందు రాసియ్యి, జర పుణ్యముంటది. గని మొత్తం బంజెయ్యమని మాత్రం చెప్పకు. గా గంట పోతది." 

నేను ఆ మందును మామూలు డబ్బీలోకి తీసి, నంబరు వేయకుండా ఆవిడ చేతిలో పెట్టాను. ఆ సాయంత్రం మెట్ల దగ్గర కంపౌండర్ సాబ్ నన్ను ఆపారు. ఆయనకు రాసిచ్చిన మందు జేబులో ఉంది, మొహంలో మాత్రం ఆ దిగులే. 

"గామెకు ఏమిచ్చిండ్రు డాక్టరమ్మా?" 

"ఏం చెప్పమంటారు, ఆ చేతికి ఇంకా జాగ్రత్త కావాలి" అన్నాను.

"గంతేనా? ఫికర్ చెయ్యకుండ్రి. పొద్దుగాల నేను కూసుంటున్న గద." 

నేను ఆ ఆసుపత్రి వదిలేదాకా అడుగుతూనే ఉన్నారు. ఆ తర్వాత రెండుసార్లు ఫోన్ చేసి కూడా అడిగారు. చెప్పలేదు. 

మొన్న ఫొటో చూసిన సాయంత్రం ఆవిడకి ఫోన్ చేశాను. నన్ను గుర్తుపట్టింది. ఏం మాట్లాడాలో తెలియక నేను తడబడుతుంటే, ఆవిడే అడిగింది, "గాయనకు ఎప్పుడన్న చెప్పినవా బిడ్డా, నువ్వు నా చేతుల పెట్టిన డబ్బిల అసలు మందే ఉండెనని?" 

"లేదమ్మా." 

"నేను గూడ చెప్పలే" అంది. "పానం పోయిన శుక్రవారం పొద్దుగాల గూడ కూసున్నడు. సంచి సగం ఒలిసిండు." 

ఆవిడ ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది. నేనూ ఏడ్చాను.